మోతి బొచ్చు, పెద్దబాపు గుండు

మొన్న సంతోష్‌నగర్‌లో ఒక దుకాణంలో నేను పెద్ద లొల్లి చేశాను. కుక్కలకు స్నానం చేయించి, గోళ్ళు తీసి, బొచ్చు దువ్వి పంపే దుకాణం అది. మా మనవరాలు పెంచుకునే పొమేరియన్‌ను దువ్వించడానికి ఇద్దరం కలిసి తీసుకెళ్ళాం. అక్కడున్న మనిషి దాన్ని బల్ల మీద నిలబెట్టి, చేతిలో మిషన్ పట్టుకుని, ఎంతో మర్యాదగానే అడిగాడు.

"ఎండలు మస్తున్నయి అమ్మా. మొత్తం తీసేద్దామా? దీనికి చల్లగుంటది, మీకు ఇంట్ల బొచ్చు రాలుడు తప్పుతది."

"ముందుగాల నీకు తీస్త, కూసో!" అన్నాను.

నేను అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. పక్కన పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ లేచి నిలబడింది. మిషన్ మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను కుక్కను చంకలో పెట్టుకుని బయటికి వచ్చి ఆటో ఎక్కేశాను. దారిపొడుగునా మనవరాలు నా మొహం చూస్తూనే ఉంది.

"ఆయన అడిగిండంతే కద అమ్మమ్మా! గింత కోపమేంది?"

ఇంత కోపం ఎందుకో దానికి ఆటోలో చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు వచ్చింది, కథ అవ్వలేదు. మిగిలింది దానికి ఇంట్లో చెప్పాను. మీకు మొదటినుంచి చెబుతాను. నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా నాకు లేదు.

మా ఇల్లు ఉప్పుగూడ స్టేషన్‌కు దగ్గర. రైలు వచ్చిందంటే వంటింట్లో అరమీద సత్తుగిన్నెలు గలగలమనేవి. బాపు రైల్వేలో గుమాస్తా. బాపుకు అన్న, అంటే మా పెద్దబాపు, నగరంలో ఒక పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటు. అందరం ఒకే ఇంట్లో, నాయినమ్మ కొంగు కింద. గల్లీ చివర మా అమ్మవారి గుడి. ఆ గుడి కమిటీలో పెద్దబాపు మాటంటే మాటే. బోనాలకు ఘటం ముందు తెల్లపంచె కట్టుకుని నడిచేది ఆయనే. ఎవరింట్లో ఏ ఆచారం తప్పినా ఆయనకు నిద్ర పట్టేది కాదు, తప్పినవాళ్ళనూ నిద్రపోనిచ్చేవాడు కాదు.

ఆయనకు ప్రాణమంటే జుట్టు. అలలు అలలుగా ఉండే ఒత్తు జుట్టు, వెనక్కి దువ్వి, మల్లెనూనె రాసి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన. నెలకు రెండుసార్లు ఆదివారం పొద్దున, తెల్లవెంట్రుకలు కనబడకుండా, ఖిజాబ్ పెట్టుకునేవాడు. పాత బనీను తొడుక్కుని, తలంతా నల్లముద్ద మెత్తించుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని ఎండలో కూర్చునేవాడు. ఆ ఘాటు వాసనకు పక్కింటి కోళ్ళు కూడా అటు వచ్చేవి కావు. ఆ గంటసేపు ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. పిల్లలం నోట్లో లంగా కొసలు, చొక్కా అంచులు కుక్కుకుని తిరిగేవాళ్ళం.

అటువంటి ఇంటికి మోతి వచ్చింది.

రైల్వే క్వార్టర్లలో ఒక నర్సమ్మ ఉండేది. పేరేమిటో ఎవరికీ పట్టింపు లేదు, అందరికీ నర్సమ్మే. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తెల్లచీర, తెల్లబూట్లు, వెనకాల అంతే తెల్లటి పొమేరియన్. ఉద్యోగం అయిపోయి అక్క దగ్గరికి వెళ్ళిపోతూ, ఆ కుక్క పెట్టిన పిల్లల్లో ఒకదాన్ని బిస్కెట్ల అట్టపెట్టెలో పెట్టి మా ఇంటికి తెచ్చింది. బాపుకు జ్వరం వచ్చినప్పుడు సూదులు వేసిన చనువు అది. పెట్టె మూత తీస్తే నాకు మొదట పత్తి ఉండ కనబడింది. తరువాత అందులోంచి రెండు నల్లటి కళ్ళు, ఒక నల్లటి ముక్కు. అది నన్ను చూసి తుమ్మింది. అంతే, నా పని అయిపోయింది.

పెద్దబాపు ఆ వేళ అరుగు మీద కుర్చీలోనే ఉన్నాడు, చాయ్ తాగుతూ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేనైతే జన్మంతా గుర్తుపెట్టుకున్నాను.

నర్సమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దాని వంశమంతా చెప్పింది. "వీళ్ళ తాతముత్తాతలు గింతగింత లేకుండ్రి బిడ్డా. మంచు పడే దేశంల, సముద్రం ఒడ్డుకు ఉంటుండ్రి. మస్తు పెద్ద కుక్కలు. మంచు మీద బండ్లు గుంజుతుండె, గొర్రెలను కాస్తుండె. ఒక రాణిగారు చిన్న జాతిని చూసి మనసు పడ్డది. రాణి పెంచుకుంటే ఇగ ఊకుంటరా? అందరికీ చిన్నయే కావాల్నాయె. గట్ల చిన్నగ, చిన్నగ, ఒళ్ళో పట్టేటంత చేసిండ్రు. దొరలతోని మన దగ్గరికి ఒచ్చినయి. దొరలు పోయిండ్రు, ఇవి ఉండిపోయినయి."

"మరి గుణం ఎట్లుంటది?" అంది నాయినమ్మ, పెళ్ళిచూపుల్లో అడిగినట్టు.

"ఒళ్ళు చిన్నగైంది గని మనసు చిన్నగ కాలేదమ్మా. ఇంకా బండి గుంజే కుక్కననే అనుకుంటది. ఏనుగొచ్చినా మొరుగుతది. ఇంట్ల అందరితోటి ఉంటది, గని ఒక్కరినే నాదంటది. నవ్వితే పడదు. అవమానం చేస్తే యాదికుంచుకుంటది." అంటూ నర్సమ్మ దాని బొచ్చులో వేళ్ళు పెట్టి విడదీసి నాకు చూపించింది. పైన పొడుగ్గా గరుకుగా ఒక పొర, లోపల దూదిలాంటి మరో పొర. "ఎండకాలమొస్తే పాపం ఉడుకపోస్తుందని కత్తెర పెట్టేరు. ఎన్నడు పెట్టొద్దు. చలి ఆపేది ఇదే, ఎండ ఆపేది ఇదే. ఒక్కసారి గీస్తే మళ్ళ సక్కగ రాదు. యాదుంచుకోర్రి."

పెద్దబాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, "కుక్కకు గూడ గింత కథనా!" అని నవ్వాడు. అంటే విన్నాడన్నమాటే కదా.

మోతి నాదైపోయింది. దాన్నడిగితే నేనే దానిదాన్ని అని చెప్పేది. బడి నుంచి నేను వచ్చే వేళకు కిటికీ గూట్లో కూర్చునేది. గల్లీలో గొడుగు విప్పినవాడి మీద, సైకిల్ బెల్లు కొట్టినవాడి మీద, వచ్చిన ప్రతి రైలు మీద మొరిగేది. రైలు వెళ్ళిపోతే తానే తరిమేసినట్టు తల ఎత్తుకుని లోపలికి వచ్చేది. మూల మీద ఇరానీ హోటల్ భాయ్ దాన్ని చూస్తే కౌంటర్ వెనక నుంచి లేచి, "ఆయియే మేమ్‌సాబ్!" అని సలాం చేసేవాడు. విరిగిన ఉస్మానియా బిస్కెట్లు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. నాకు ఇంట్లో ఇచ్చే బిస్కెట్లు కూడా లంగా కుచ్చిళ్ళలో దాచి, చాయ్‌లో ముంచి దానికి పెట్టేదాన్ని. చాయ్‌లో ముంచకపోతే తినేది కాదు మహాతల్లి. ఇప్పటికీ ఉస్మానియా బిస్కెట్ తడిస్తే వచ్చే ఆ వెన్న వాసనకు నా చెయ్యి దానంతట అదే బల్ల కిందికి పోతుంది.

పెద్దబాపుతో దానికి పొసగలేదు. మామూలు రోజుల్లో ఊరుకునేది. ఖిజాబ్ పెట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఆయనను గుర్తుపట్టేది కాదు. నల్లముద్ద తలకాయతో వాకిట్లో ఎవడో దొంగ కూర్చున్నాడని గొంతు చిరిగేలా మొరిగేది. గోడల మీద నుంచి గల్లీ గల్లీ తొంగిచూసేది. "అరే, దీన్ని లోపటికి గుంజుర్రి!" అని ఆయన అరిచేవాడు. అరిస్తే నల్లచుక్కలు బనీను మీద కారేవి.

ఎండాకాలం మధ్యలో ఒకరోజు కమిటీ పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. నాయినమ్మ పరవాన్నం చేసింది. నెయ్యి, ఇలాచి వాసన వీధి దాకా కొట్టింది. అందులో ఒకాయన చెంచా నోటి దాకా తీసుకెళ్ళి ఆపి, దాని అంచు నుంచి ఒక పొడుగాటి తెల్లవెంట్రుక తీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏందన్నా, మీ ఇంట్ల కుక్కకు పెట్టినంకనే మాకు పెడ్తరా?"

అందరూ నవ్వారు. పెద్దబాపు కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఊరందరికీ ఆచారం చెప్పే మనిషి కదా! ఆ రోజు ఆయన మోతిని ఒక్కమాట అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆ వారంలోనే అమ్మ, నేను జల్‌పల్లిలో చిన్నమ్మ ఇంటికి వెళ్ళాం. అప్పుడక్కడ ఇన్ని కాలనీలు లేవు, చెరువు గాలి, మామిడితోటలు. మోతికని ఒక చిన్న మామిడిపండు కూడా చేతిరుమాలులో కట్టుకుని తెచ్చాను, టెంక నాకడం దానికి ఇష్టమని. పొద్దు వాలే వేళకు గల్లీలోకి వస్తుంటే మా గేటు ముందు పిల్లల గుంపు. చప్పట్లు, ఈలలు, కేకలు.

గేటుకు కొబ్బరితాడుతో ఏదో కట్టేసి ఉంది. గులాబీరంగు చర్మం, సన్నకాళ్ళు, ఎలుక తోక. నెత్తిమీద ఇంత కుంకుమబొట్టు. నేను గుర్తుపట్టలేదు. అది నన్ను గుర్తుపట్టింది. కానీ దగ్గరికి రాలేదు, మొహం గోడవైపు తిప్పుకుంది. అప్పుడు తెలిసింది మోతి అని.

పిల్లలను రాళ్ళతో కొట్టాను. ఒకడికి తగిలింది, బాగా తగిలింది. తాడు విప్పి దాన్ని ఎత్తుకుంటే ఒళ్ళంతా కాలిపోతోంది. మధ్యాహ్నం నుంచి ఎండలో అట్లాగే ఉందట. వాకిట్లో పెద్దబాపు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, జుట్టు దువ్వుకుంటున్నాడు. మంగలిని పిలిపించి, మోతిని స్తంభానికి కట్టించి, మొత్తం మిషన్ పెట్టించాడట. గీసిన బొచ్చు పేడదిబ్బ మీద పడి ఉంది.

"ఏంది గట్ల చూస్తవ్? ఎండలకు పాపం సచ్చిపోతుండె. దాని మంచికే చేసిన. గొర్రెకు గీస్తరు, దీనికి గీస్తే ఏమైతది?"

"నర్సమ్మ వద్దన్నది! నువ్వు గూడ ఇన్నవ్!"

"నేనేం ఇనలే. పో, కాళ్ళు కడుక్కో."

గీసినందుకు కాదు. ఆ "మంచికే" అన్న మాటకు, ఆ "ఇనలే" అన్న మాటకు నా కడుపు భగ్గుమంది. కోపమొచ్చి చేశానంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. బొట్టు కూడా దాని మంచికే పెట్టాడా? గేటుకు కట్టి పిల్లలను పిలిచింది కూడా మంచికేనా?

బాపు కొబ్బరినూనె తెచ్చి దాని వీపుకు రాశాడు. చర్మం పొరలు పొరలుగా లేచింది. అన్నను మాత్రం ఒక్కమాట అనలేదు. "పెద్దోడు బిడ్డా, ఏమంటం?" అన్నాడు. అమ్మ అనలేదు, నాయినమ్మ అనలేదు. ఇంట్లో ఎవరికీ నోరు లేదు. మోతికి కూడా పోయింది. అది బాపు మంచం కింద మూలకు దూరి, రైలు వచ్చినా, గొడుగులు విప్పినా బయటికి రాలేదు. చాయ్‌లో ముంచిన బిస్కెట్ మూతి దగ్గర పెడితే కళ్ళు మూసుకునేది. ఒకసారి ఎత్తుకుని ఇరానీ హోటల్‌కు తీసుకెళితే భాయ్ సలాం చేయబోయి ఆగిపోయాడు. "యే కిస్ జాలిమ్ నే కియా, బేటీ?" అని, ఏ దుర్మార్గుడి పని ఇదని అడిగి, అట్లాగే నిలబడి సలాం చేశాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

పెద్దబాపు మామూలుగానే ఉన్నాడు. ఖిజాబ్ పెట్టుకున్నాడు. ఈసారి మొరిగేవాళ్ళు లేరు. ప్రశాంతంగా ఆరబెట్టుకున్నాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తూ పళ్ళు నూరాను. ఖిజాబ్‌లో సున్నం కలుపుదామా, దువ్వెనకు జిగురు రాద్దామా అని ఆలోచించాను. అవన్నీ చిన్నగా కనబడ్డాయి. ఆయన మాట్లాడే ఆచారంతోనే ఆయనను కొట్టే అవకాశం వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

ఆషాఢం వస్తుండగా పెద్దబాపుకు కామెర్లు పట్టుకున్నాయి. కళ్ళు, గోళ్ళు పసుపుపచ్చ. పత్తెం అన్నం, మజ్జిగ, పసరు మందు, డాక్టరు మందు, అన్నీ అయ్యాయి, తగ్గలేదు. పెద్దమ్మ ఏడుపు. నాయినమ్మ గుళ్ళో ముడుపు కట్టడానికి ఇంటి ఆడవాళ్ళందరినీ బయలుదేరదీసింది.

మా గుళ్ళో ముడుపుకు ఒక పద్ధతి ఉంది. పసుపుబట్టలో రూపాయిబిళ్ళ పెట్టి, మొక్కు నలుగురూ వినేటట్టు పైకి చెప్పి, అమ్మవారి ముందు ముడి వెయ్యాలి. మొక్కేది ఒకరైనా తీర్చేది ఇంకొకరు కావచ్చు. తల్లులు కొడుకుల పేరు మీద, పెళ్ళాలు మొగుళ్ళ పేరు మీద మొక్కడం మామూలే. ఎవరి పేరు మీద మొక్కితే వాళ్ళు తీర్చి తీరాలి. మొక్కినవాళ్ళు తప్ప ఆ ముడి ఎవరూ విప్పకూడదు, విప్పేదాకా మొక్కు మొక్కే. ఈ నియమాలన్నీ గల్లీకి కంఠస్థం చేయించింది మా పెద్దబాపే.

ఆ శుక్రవారం గుడి నిండా ఆడవాళ్ళు. వేపాకు, సాంబ్రాణి, తడి పసుపు వాసన. నాయినమ్మ ముడుపుబట్ట నా చేతిలో పెట్టింది.

"పసిదాని నోటి మాట అమ్మ తొందరగ ఇంటది. నువ్వు మొక్కు బిడ్డా. పెద్దబాపు లేచి తిరిగితే కొత్తచీర పెడ్తమని అను."

నేను కళ్ళు మూసుకున్నాను. నాకు మంచం కింద మూల కనబడింది. గొంతు ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా చెప్పాను.

"అమ్మా తల్లీ! మా పెద్దబాపు బతికి బాగైతే, ఏటేటా బోనాలకు నీ గుడి ముందల గుండు గీయించుకుంటడు! ఆయన బతికినన్ని ఏండ్లు!"

ముడి బిగించాను. పళ్ళతో కూడా లాగాను.

నాయినమ్మ నా తొడ మీద గిచ్చింది, నెల దాకా నల్లమచ్చ ఉండింది. కానీ అప్పటికే పూజారమ్మ గంట కొట్టి, "అమ్మ ఇన్నది!" అనేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చెంపలేసుకున్నారు. "ఎంత ప్రేమనే పెద్దబాపంటే!" అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

పెద్దబాపు బతికాడు. లేచి తిరిగాడు. బతకాలనే నేనూ మొక్కాను, ఉత్త చావు నాకేం పనికొస్తుంది? మొక్కు సంగతి తెలిసి ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడట. "చిన్నపోరి ఏదో అన్నది, అదొక మొక్కా?" అన్నాడట. అప్పటికి గల్లీ అంతా చెప్పుకుంటోంది. పరవాన్నంలో వెంట్రుక తీసిన కమిటీ పెద్దమనిషే ఇంటికొచ్చి, "తప్పదన్నా. నువ్వే తప్పితే రేపు మా మాట ఎవరింటరు?" అన్నాడు.

బోనాల రోజు గుడి ముందు పీట వేశారు. అదే మంగలి. డప్పులు మోగుతుంటే ఆ అలల జుట్టు గుత్తులు గుత్తులుగా కింద పడింది. ఖిజాబ్ కింద ఆ తల ఎంత చిన్నదో, ఎన్ని సొట్టలున్నాయో అందరూ చూశారు. పసుపు పూసి, పైన ఇంత కుంకుమబొట్టు పెట్టారు. నేను ముందు వరసలో నిలబడి ఒక్క గుత్తి కూడా వదలకుండా చూశాను.

ఆయన తల మీద కండువా కప్పుకుని ఇంటికొచ్చి గేటు తీశాడు. గాలికి కండువా జారింది. అంతే! బాపు మంచం కిందినుంచి ఒక అరుపు. అన్ని వారాలుగా గొంతు విప్పని మోతి, బోడి ఒంటితో, ఎలుక తోకతో, బాణంలాగా వాకిట్లోకి దూసుకొచ్చింది. ఇంట్లోకి ఎవడో బోడిగుండువాడు దూరాడని పంచె పట్టుకుని గేటు దాకా ఈడ్చింది. గల్లీ గల్లీ నవ్వింది. పెద్దబాపు గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఆ వేళ మోతి నా చేతిలోంచి చాయ్‌లో ముంచిన బిస్కెట్ తిన్నది, ఒకటి కాదు, కాగితంలో ఉన్నవన్నీ.

ఆ తరువాత ఏటేటా అంతే. ఆషాఢం దగ్గరపడితే పెద్దబాపు గొంతు మెత్తబడేది. పెద్దమ్మ చేత గాజులు పంపేవాడు, హోటల్ నుంచి వేడివేడి లుక్మీలు తెచ్చేవాడు. "ఈ ఏడు చాలని అమ్మకు చెప్పి ముడి ఇప్పరాదు బిడ్డా" అనేవాడు. నేను మోతిని పిలిచేదాన్ని. దాని వీపు మీద చెయ్యి వేసి చూసేదాన్ని. అక్కడక్కడా పేలవంగా పీచు లేచింది, వీపు మధ్య బోడిగానే ఉండిపోయింది. గల్లీలోకి కొత్తగా వచ్చినవాళ్ళు, "ఇదేం గజ్జికుక్క?" అని అడిగేవాళ్ళు.

"దీనికింకా రాలే పెద్దబాపు. వస్తే ఇప్పుత" అనేదాన్ని. లుక్మీలు మాత్రం ఇద్దరం కలిసి తినేవాళ్ళం, మోతి, నేను.

ఆయన చెడ్డవాడా అంటే కాదు. నాకు చెయ్యి విరిగినప్పుడు భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా పరిగెత్తింది ఆయనే. నా చదువుకు ఇంట్లో అందరితో పోట్లాడింది కూడా ఆయనే. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి. ఒకదాన్ని తెచ్చి ఇంకోదాని మీద కప్పడం నాకు చేతకాదు.

మోతి ముసలిదై, ఒక వానాకాలం పొద్దున కిటికీ గూట్లోనే పోయింది. పెరట్లో పాతిపెట్టాం. ఆ ఏడు బోనాల ముందు పెద్దబాపు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నెత్తిమీద జుట్టు మళ్ళీ వచ్చి ఉంది, తెల్లగా. ఖిజాబ్ ఎప్పుడో మానేశాడు.

"కుక్కనే పోయింది గద బిడ్డా. ఇగనన్న చాలని చెప్పు."

"ఒక్క మాట చెప్పు, ఇప్పుడే పోయి ఇప్పుకొస్త. మంచికి చెయ్యలే, కోపంల చేసిన అను. నర్సమ్మ చెప్పింది ఇన్న అను."

నిజం చెబుతున్నాను, ఆ క్షణం ఆయన అనేసి ఉంటే నేను కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పరిగెత్తేదాన్ని. ఆయన లేచాడు. జేబులో దువ్వెన తీసి, తల దువ్వుకున్నాడు.

"ఎండలకు మంచిదనే చేసిన" అన్నాడు. మంగలికి కబురు పంపాడు.

అట్లా బతికినన్ని ఏండ్లూ గీయించుకున్నాడు. ఆ ఒక్క మాట అనలేదు. నేనూ ముడి విప్పలేదు. ఇంటికొచ్చాక మిగతాదంతా విని మా మనవరాలు, "పాపం అమ్మమ్మా, ముసలాయన" అంది. పాపమట! దాని ఒళ్ళో కుక్క హాయిగా నిద్రపోతోంది, మెడ చుట్టూ ఇంత జూలు వేసుకుని.

ఆఖరిసారి గుండు గీయించుకున్న బోనాలు అయిన నెలలోపే పెద్దబాపు పోయాడు. ఆఖరి రోజుల్లో తీసిన ఫొటో తప్ప మంచిది దొరకలేదని దాన్నే పెద్దగా చేయించి, దండ వేసి గోడకు పెట్టారు. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా దాని ముందు నిలబడి దండం పెడతాను. గుండు నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఇక ఎన్నటికీ జుట్టు రాదు. నా కడుపు చల్లగా ఉంటుంది.